పిడుగుకు దారి వేసిన మనిషి – బెంజమిన్ ఫ్రాంక్లిన్

పోయిన సంవత్సరం దసరా సెలవులకు నాలుగు రోజుల ముందు మాట. సాయంత్రం స్టడీ అవర్‌లో అందరం హాల్లో కూర్చున్నాం. పొద్దుగూకక ముందే మబ్బు కమ్మి చీకటైంది. ఉరుములు దూరంగా మొదలై దగ్గరికొచ్చాయి. ఉన్నట్టుండి హాలంతా తెల్లగా వెలిగింది, వెంటనే చెవులు గింగురుమనే చప్పుడు. కరెంటు పోయింది. ఐదో తరగతి పిల్లలు కొందరు ఏడుపందుకున్నారు. వంట అక్క వాళ్లను దగ్గరికి తీసుకుని అర్జునుడి పేర్లు చదువుతూ కూర్చుంది.

తెల్లవారి చూస్తే హాల్లో టీవీ పనిచెయ్యలేదు. బోరు మోటారు స్టార్టర్ నల్లగా మాడిపోయింది. రెండు ట్యూబులైట్లు పోయాయి. విచిత్రం ఏమిటంటే పిడుగు మా బిల్డింగు మీద పడనే లేదు. రోడ్డుకు అవతల ఉన్న తాటిచెట్టు మీద పడింది. దాని మొవ్వు కాలి, మొద్దు పొడవునా బెరడు చీలి ఉంది. చెట్టు మీద పడిన పిడుగు మా టీవీని ఎట్లా కాల్చింది? ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం పదో తరగతి విద్యార్థులం. ఒకరిది గద్వాల వైపు పత్తి విత్తనాలు పండించే ఊరు. ఒకరిది వనపర్తి దగ్గర వేరుశనగ చేలున్న ఊరు. ఇంకొకరిది నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఊరు. మా ముగ్గురి అమ్మానాన్నలూ కూలికి పోయేవాళ్లే, చెట్టూ చేనూ తప్ప వేరే నీడ లేనివాళ్లే. పిడుగు మాకు పాఠ్యపుస్తకంలో బొమ్మ కాదు. మాలో ఒకరి చిన్నాయన గొర్రెల మంద వానకు చింతచెట్టు కింద నిలబడితే, ఒక్క పిడుగుకు పదకొండు గొర్రెలు పోయాయి. ఆయన మూత్రానికి పక్కకు పోయినందువల్ల బతికాడు. మన దేశంలో పిడుగుపాటు వల్ల ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లు.

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సార్ చెప్పినప్పుడు మిగతావాళ్లు డాక్టర్ అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, అబ్దుల్ కలాం గార్ల పేర్లు రాయించుకున్నారు. మేము బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పాం. సార్ నవ్వి, టీవీ పోయిందని ఇంకా మరిచిపోలేదా అన్నట్టు చూశారు. నిజంగానే మరిచిపోలేదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్ పట్టణంలో జన్మించాడు. అప్పటికి అమెరికా స్వతంత్ర దేశం కాదు, మన దేశం తర్వాత అయినట్లే బ్రిటిష్ వారి పాలనలో ఉండేది. తండ్రి జొసయ్య ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాడు. పశువుల కొవ్వుతో కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్మేవాడు. ఇద్దరు భార్యలకు కలిపి ఆయనకు పదిహేడు మంది సంతానం. అందులో బెంజమిన్ పదిహేనోవాడు, కొడుకుల్లో చివరివాడు. బడికి పంపారు గానీ ఖర్చు భరించలేక రెండేళ్లకే మాన్పించారు. పదేళ్ల వయసుకే కొవ్వొత్తుల వత్తులు కత్తిరించే పనిలో పడ్డాడు. ఆ వాసన ఆయనకు అస్సలు గిట్టేది కాదు.

ఈత అంటే ప్రాణం. ఒకసారి పతంగి ఎగరేస్తూ చెరువులో వెల్లకిలా పడుకుని, దారం కట్టిన కర్రను చేతుల్లో పట్టుకుంటే, గాలికి పతంగే ఆయనను అవతలి గట్టుకు లాక్కుపోయిందట. పతంగితో ఆయన స్నేహం అప్పటిదన్నమాట.

పన్నెండేళ్లకు అన్న జేమ్స్ దగ్గర అచ్చు పని నేర్చుకోవడానికి కుదిర్చారు. ఇరవై ఒక్క ఏడు వచ్చేదాకా అక్కడే పనిచెయ్యాలని ఒప్పంద పత్రం రాసుకున్నారు. మన దగ్గర జీతానికి ఉంచడం లాంటిదే. పగలంతా అక్షరాలు పేర్చేవాడు. రాత్రుళ్లు అరువు పుస్తకాలు చదివి తెల్లారేసరికి మాసిపోకుండా తిరిగి ఇచ్చేవాడు. పదహారేళ్లప్పుడు మాంసం మానేసి, తిండి ఖర్చులో సగం మిగిల్చి పుస్తకాలు కొన్నాడు. అదే వయసులో, ఒక వితంతువు రాసినట్టు దొంగ పేరుతో పద్నాలుగు ఉత్తరాలు రాసి, రాత్రిపూట అచ్చు కొట్టు తలుపు సందులో వేసేవాడు. తమ్ముడివని తెలియక అన్న వాటిని తన పత్రికలో అచ్చువేశాడు! తెలిశాక కోపమే మిగిలింది. దెబ్బలు కూడా తప్పలేదు. 1723లో పదిహేడేళ్లప్పుడు ఇల్లు వదిలి ఫిలడెల్ఫియా పారిపోయాడు. చేతిలో చిల్లర తప్ప లేదు. మూడు పెద్ద రొట్టెలు కొని, రెండు చంకల్లో చెరొకటి పెట్టుకుని, మూడోది తింటూ వీధిలో నడుస్తుంటే ఒక ఇంటి గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి ఆ అవతారం చూసింది. ఆమె డెబొరా. తర్వాత ఆయన భార్య అయింది.

అక్కడి నుంచి ఆయన ఎదుగుదల చెప్పాలంటే మాకిచ్చిన పేజీలు చాలవు. సొంత అచ్చు కొట్టు, సొంత పత్రిక, ఏటేటా వేలకొద్దీ అమ్ముడుపోయే పంచాంగం. 1731లో స్నేహితులతో చందాలు వేసుకుని ఒక గ్రంథాలయం పెట్టాడు. ఒక్కరు కొనలేని పుస్తకాలు పదిమంది కలిస్తే కొనవచ్చుననేదే ఆలోచన. 1736లో నిప్పంటుకుంటే ఆర్పడానికి పట్టణంలో వాలంటీర్ల దళం పెట్టాడు. 1751లో వైద్యశాల స్థాపనకు తోడ్పడ్డాడు. నలభై రెండేళ్లకే వ్యాపారాన్ని భాగస్వామికి అప్పగించి, మిగతా కాలం చదువుకూ ప్రయోగాలకూ పెట్టాడు. రెండేళ్ల బడి చదువు మనిషి!

ఆ కాలంలో విద్యుత్తు అంటే ఒక వేడుక వస్తువు. గాజు గొట్టాన్ని రుద్ది నిప్పురవ్వలు పుట్టిస్తే జనం చూసి చప్పట్లు కొట్టేవారు. ఇంగ్లండు నుంచి పీటర్ కాలిన్సన్ అనే వ్యాపారి పంపిన గాజు గొట్టం ఫ్రాంక్లిన్ చేతికొచ్చాక, ఆయనకు వేరే ధ్యాస లేకుండా పోయింది. విద్యుదావేశాన్ని ధన, ఋణ అని విడదీసి చెప్పింది ఆయనే. మేము ఈనాటికీ పరీక్షల్లో రాస్తున్న ప్లస్సు, మైనస్సు ఆయన పెట్టిన గుర్తులే. లైడెన్ జాడీ అనే గాజు సీసాలో ఆవేశాన్ని నిలవ చేసి, అలాంటి జాడీలు కొన్నింటిని వరుసగా కలిపి ఆ వరుసకు బ్యాటరీ అని పేరు పెట్టాడు. 1750 డిసెంబరులో ఒక టర్కీ కోడిని విద్యుత్తుతో చంపి చూపించబోయి, పొరపాటున జాడీల షాకు తానే తిన్నాడు. ఒళ్లంతా కొయ్యబారిపోయింది, కాసేపు ఏం జరిగిందో తెలియలేదు. తర్వాత సిగ్గుపడుతూ స్నేహితులకు రాసుకున్నాడు.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. 1749లో ఆయన నోటు పుస్తకంలో నిప్పురవ్వకూ మెరుపుకూ ఉన్న పోలికలు ఒక్కొక్కటిగా రాసుకున్నాడు. రెండూ వెలుగిస్తాయి. రెండూ వంకర టింకరగా పోతాయి. రెండూ చిటపటమంటాయి, లోహాల గుండా పారుతాయి, లోహాన్ని కరిగిస్తాయి, ప్రాణాలు తీస్తాయి. అయితే ఇంకొక్కటి తేలాలి. ఆవేశం ఉన్న గుండు దగ్గరికి మొన తేలిన సూది తెస్తే, అది చప్పుడు లేకుండా దూరం నుంచే ఆవేశాన్ని లాగేసుకోవడం ఆయన చూశాడు. మెరుపు కూడా మొనకు లొంగుతుందా? తెలియదు. కాబట్టి ప్రయోగం చేసి చూడాలి అని నిర్ణయించుకున్నాడు. మా సైన్సు సార్‌కు ఈ వాక్యం చూపిస్తే, ఇదొక్కటి అర్థమైతే సైన్సు వచ్చినట్టే అన్నారు.

ఆయన రాసిన పథకం చదివి ఫ్రాన్సులో దాలిబార్ అనే శాస్త్రవేత్త పారిస్ దగ్గర మార్లీ గ్రామంలో సుమారు నలభై అడుగుల ఇనుప కడ్డీ నిలబెట్టించాడు. 1752 మే 10న మబ్బు పట్టేసరికి ఆయన ఊళ్లో లేడు. కాపలా ఉన్న ముసలి మాజీ సైనికుడు కడ్డీ నుంచి నిప్పురవ్వలు తీసి, భయపడి ఊరి పూజారిని పిలిపించాడు. మెరుపు విద్యుత్తేనని మొదట కళ్లారా చూసింది పెద్ద పండితులు కాదు, ఆ సైనికుడు. మాకు ఈ సంగతి చాలా నచ్చింది.

ఆ వార్త సముద్రం దాటి రాకముందే, 1752 జూన్‌లో, ఫ్రాంక్లిన్ పతంగి ఎగరేశాడు. దేవదారు కర్రలకు పట్టు రుమాలు కట్టి, కొసన సన్నని ఇనుప తీగ పెట్టాడు. జనపనార దారానికి కింద తాళంచెవి కట్టి, చేతితో పట్టుకునేచోట పొడి పట్టు రిబ్బను కట్టాడు. వెంట ఉన్నది కొడుకు విలియం ఒక్కడే. పట్టు తడవకుండా ఇద్దరూ కప్పు కింద నిలబడ్డారు. వానకు దారం తడిశాక తాళంచెవికి వేలి కణుపు దగ్గరపెడితే చిన్న రవ్వ ఎగిరింది. చాలా పుస్తకాల్లో పతంగి మీద పిడుగు పడ్డట్టు బొమ్మ వేస్తారు. అది తప్పు. పిడుగే పడి ఉంటే ఆయన కథ అక్కడితో ముగిసేది. ఆయన పట్టుకున్నది మబ్బు కింద గాలిలో ఉన్న ఆవేశాన్ని మాత్రమే. తమ్ముళ్లూ, దీన్ని చదివి ఎవరూ మబ్బులో పతంగి ఎగరేయకండి.

ఎందుకంటే మరుసటి ఏడాది 1753లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే ప్రొఫెసరు ఇలాంటి ప్రయోగంలోనే చనిపోయాడు. ఇంటి మీద నిలబెట్టిన కడ్డీ నుంచి తీగను గదిలోకి తెచ్చుకున్నాడు గానీ, కొలత కోసం దాన్ని నేలకు కలపలేదు. దిగివచ్చిన విద్యుత్తుకు పోయే దారి లేక, దగ్గరగా వంగి చూస్తున్న ఆయన నుదుటి మీదికి దూకింది. కడ్డీ ఉన్నంత మాత్రాన రక్షణ లేదు. నేలదాకా దారి ఉంటేనే రక్షణ.

ఫ్రాంక్లిన్ ఆ దారిని 1753వ సంవత్సరపు పంచాంగంలో అందరికీ అర్థమయ్యేట్టు అచ్చువేశాడు. ఒక ఇనుప కడ్డీ తీసుకోవాలి. దాని కింది కొస తడి నేలలో మూడు నాలుగడుగులు దిగాలి. పై కొస ఇంటి శిఖరం కంటే ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఎత్తుండాలి. శిఖరాన అడుగు పొడవు ఇత్తడి తీగను సూదిలా చెక్కి బిగించాలి. కడ్డీని గోడకు కొక్కేలతో పట్టించాలి. అంతే. దీని మీద పేటెంటు తీసుకుంటే కోటీశ్వరుడయ్యేవాడు. తీసుకోలేదు. అంతకుముందు తాను కనిపెట్టిన పొయ్యికి గవర్నరు పేటెంటు ఇస్తానన్నా వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవి మనం ఉచితంగా వాడుకుంటున్నప్పుడు మనవీ అలాగే ఇవ్వాలనేది ఆయన పద్ధతి.

తన ఇంటికి పెట్టుకున్న కడ్డీతో ఆయన ఒక తమాషా చేశాడు. మెట్ల దగ్గర కడ్డీని రెండుగా విడదీసి మధ్య చిన్న గంటలు కట్టాడు. మబ్బులో ఆవేశం ఉంటే గంటలు వాటంతట అవే మోగేవి. ఆయన లండన్ వెళ్లిన తర్వాత ఇంట్లో ఒంటరిగా ఉన్న డెబొరా ఆ గంటలకు భయపడి ఉత్తరం రాసింది. అప్పుడు రెండు గంటలనూ తీగతో కలిపెయ్యమని జవాబు రాశాడు. భార్య భయం కంటే ప్రయోగం ముఖ్యమా అని మాలో ఇద్దరం వాదించుకున్నాం. ఇంకా తేలలేదు.

అందరూ వెంటనే ఒప్పుకున్నారనుకుంటే పొరపాటు. దేవుడి కోపానికి అడ్డుపడటం పాపమన్నవాళ్లున్నారు. 1755లో బోస్టన్‌లో భూకంపం వస్తే, కడ్డీల వల్ల భూమిలో విద్యుత్తు పేరుకుని ఊగిందని ఒక మతాచార్యుడు అచ్చువేశాడు. యూరపులో పిడుగును తరమడానికి చర్చి గంటలు మోగించే ఆచారం ఉండేది. తడి తాళ్లు పట్టుకుని ఎత్తయిన గోపురాల్లో నిలబడే గంటలవాళ్లే పిడుగుకు బలయ్యేవారు. ఇటలీలోని బ్రెష్యా పట్టణంలో 1769లో చర్చిలో దాచిన తుపాకి మందు మీద పిడుగు పడి పట్టణంలో పెద్ద భాగం నేలమట్టమైంది. ఫ్రాన్సులో సెయింట్ ఓమెర్ అనే ఊళ్లో ఒకాయన ఇంటికి కడ్డీ పెడితే ఇరుగుపొరుగు భయపడి కోర్టుకు వెళ్లారు. కడ్డీ తరఫున వాదించి 1783లో గెలిచిన కుర్ర వకీలు రోబెస్పియర్, తర్వాత ఫ్రెంచి విప్లవంలో మేము పాఠంలో చదువుకున్నవాడు.

ఇంగ్లండులో రాజు మూడవ జార్జి, అమెరికా మీద యుద్ధం నడుస్తుండగా, తన భవనానికి మొన కడ్డీలు కాదు, గుండు కడ్డీలు పెట్టించాడు. ఫ్రాంక్లిన్ మొన కావాలన్నాడు కాబట్టి! రాజకీయం కడ్డీ దాకా పాకింది. అయితే 2000 ప్రాంతంలో అమెరికాలోని న్యూ మెక్సికో కొండల మీద చేసిన పరిశీలనల్లో పిడుగులు కొంచెం మొద్దుగా ఉన్న కడ్డీలనే పట్టుకున్నాయి. మొన మబ్బులోని ఆవేశాన్ని ముందే లాగేసి పిడుగు పడకుండా చేస్తుందని ఫ్రాంక్లిన్ ఆశించాడు. అది నిజం కాలేదు. కడ్డీ పిడుగును ఆపదు. పడే పిడుగును తన మీద వేసుకుని, ఇంటిని తాకకుండా నేలలోకి దించుతుంది. ఆ రెండో మాట కూడా ఫ్రాంక్లిన్ చెప్పినదే, అది నిలిచింది.

ఆయన జీవితంలో మిగతా భాగం రాజకీయం. 1776 స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేశాడు. ఫ్రాన్సులో తొమ్మిదేళ్లు రాయబారిగా ఉండి సాయం తెచ్చాడు. 1783లో బ్రిటన్‌తో శాంతి ఒప్పందం కుదిర్చినవారిలో ఒకడు. 1787లో రాజ్యాంగ సభలో అందరికంటే పెద్దవాడు. కానీ పతంగి పట్టుకున్న కొడుకు విలియం బ్రిటిష్ పక్షాన నిలిచాడు. తండ్రీ కొడుకులు మళ్లీ మనసారా కలవలేదు.

మేము దాచకుండా రాయవలసిన సంగతి ఒకటుంది. స్వేచ్ఛ కోసం పోరాడిన ఈ మనిషి ఇంట్లో నల్లజాతి బానిసలుండేవారు. ఆయన పత్రికలో బానిసల అమ్మకపు ప్రకటనలు అచ్చయ్యేవి. ఇది చదివినప్పుడు మాకు మనసు చివుక్కుమంది, ఈయన గురించి రాయడం మానేద్దామా అని కూడా అనుకున్నాం. తర్వాత 1763లో ఆయన నల్లజాతి పిల్లల బడిని చూడబోయి, వాళ్లు తెల్లపిల్లలకు ఏ విధంగానూ తీసిపోరని గ్రహించి, తన అభిప్రాయం తప్పని ఒప్పుకుంటూ రాశాడని చదివాం. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వాన్ని రద్దు చెయ్యమని అమెరికా కాంగ్రెసుకు అర్జీ పెట్టాడు. కాంగ్రెసు పక్కన పెట్టింది. ఆలస్యంగా మారాడు, అయినా మారాడు. ఒక బడిలో పిల్లలు చదవడం చూసి మారాడు. అందుకే మానలేదు.

1787లో ఆయన ఫిలడెల్ఫియాలోని తన ఇంటికి మరమ్మతు చేయిస్తుండగా ఒక విషయం బయటపడింది. కప్పు మీద కడ్డీ రాగి మొన కరిగిపోయి దాదాపు ఏమీ మిగలలేదు. ఆయన దేశంలో లేనప్పుడు ఎప్పుడో ఆ ఇంటి మీద పిడుగు పడింది. ఇంటికి ఏమీ కాలేదు. కడ్డీ తన పని తాను చేసుకుపోయింది. ఆ కడ్డీని లోకానికిచ్చిన మనిషికి, అది తన ఇంటినే కాపాడిందని ముసలితనంలో తెలిసింది. 1790 ఏప్రిల్ 17న, ఎనభై నాలుగేళ్ల వయసులో ఆయన మరణించాడు.

మళ్లీ మా టీవీ దగ్గరికి వద్దాం. మా హాస్టల్‌లో చదివి, ఇప్పుడు వనపర్తి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తున్న సీనియర్ అన్న వచ్చినప్పుడు అడిగాం. పిడుగులో సాధారణంగా ముప్పై వేల ఆంపియర్ల దాకా కరెంటు ఉంటుందట. అంత కరెంటు కన్నుమూసి తెరిచేలోగా పుట్టి పోయేసరికి, దగ్గర్లోని కరెంటు తీగల్లో కూడా ఓల్టేజీ ఉప్పెనలా పుడుతుంది. పదో తరగతి పాఠంలో చదివిన విద్యుదయస్కాంత ప్రేరణ అదే. 230 ఓల్టులకు చేసిన వస్తువు మీద వేల ఓల్టులు వచ్చిపడితే ఏం మిగులుతుంది? తాటిచెట్టు నుంచి మా టీవీకి దారి ఆ తీగే. బిల్డింగు మీద కడ్డీ ఉన్నా తీగలో వచ్చే ఉప్పెనను అది ఆపలేదు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం పనికిరాదంటారే, ఇక్కడ అట్లాగే. గోడలకు కడ్డీ, తీగలకు సర్జ్ ప్రొటెక్టర్.

సర్జ్ ప్రొటెక్టర్ మెయిన్ బోర్డు దగ్గర పెడతారు. మామూలు ఓల్టేజీకి అది మూసిన తలుపు. ఓల్టేజీ హద్దు దాటగానే తెరుచుకుని, ఉప్పెనను ఎర్తు తీగలోకి మళ్లించి, మళ్లీ మూసుకుంటుంది. చూడండి, ఇదీ ఫ్రాంక్లిన్ ఆలోచనే, నేలకు దారి చూపడం. ట్రిప్పయ్యే ఎం.సి.బి. ఇందుకు చాలదు, అది మేలుకునేలోపు ఉప్పెన వచ్చి పోతుంది. స్టెబిలైజరూ అంతే. టీవీకి ఉప్పెన డిష్ తీగ గుండా కూడా వస్తుంది. కాబట్టి ఉరుములు మొదలుకాకముందే ప్లగ్గు, డిష్ తీగ రెండూ పీకడమే అన్నిటికంటే చౌక. మా ఊళ్లలో టీవీలు ఒకేసారి పది ఇళ్లలో కాలడానికి ఇంకో కారణం న్యూట్రల్ తెగడం. అప్పుడు 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. అది పిడుగు కాదు, దాని జాగ్రత్తలు వేరు.

అన్న గట్టిగా చెప్పింది ఎర్తింగ్ గురించి. కడ్డీ అయినా ప్రొటెక్టర్ అయినా ఎర్తు సరిగా లేకపోతే రిచ్‌మన్ కథే. పిడుగు కడ్డీకి ఎర్తు నిరోధం పది ఓములకు మించకూడదు. దించే తీగ వంకరలు లేకుండా తిన్నగా దిగాలి. దగ్గర్లో ఉన్న నీళ్ల పైపుల వంటి లోహాలను దానికి కలపాలి. లేకుంటే దారిలో పక్కకు దూకుతుంది. గుడి మీద లోహ కలశం పిడుగును పట్టుకుంటుందని మా ఊళ్లో అంటారు. కలశం నుంచి నేలదాకా తీగ లేకపోతే అది సగం దారి మాత్రమే. సరైన ఉదాహరణ మా చేల మీదుగా జూరాల వైపు నుంచి పోయే పెద్ద టవర్లు. వాటి అన్నిటికంటే పై తీగలో కరెంటు రాదు. కింది తీగల బదులు పిడుగును తన మీద వేసుకుని టవరు గుండా నేలకు దించడానికే అది ఉంది. ఇన్నేళ్లు చూస్తున్నాం, ఎవరమూ ఎందుకని అడగలేదు.

రేకుల ఇళ్లున్నవాళ్లం మేము. ఇంట్లో ఉన్నప్పుడు గోడకూ, కిటికీ చువ్వలకూ, కుళాయికీ ఆనుకోకుండా మధ్యలో కూర్చోవాలి. చేలో ఉంటే ఒంటరి చెట్టు కిందికి అస్సలు పోకూడదు. పక్కా బిల్డింగో, బస్సో, కారో దొరికితే అందులోకి పోవాలి. మెరుపు కనిపించాక మూడు సెకన్లకు ఉరుము వినిపిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. ఉరుము వినిపిస్తే చాలు లోపలికి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఆ భయంతో దూరంగా నిలబడితే ప్రాణం పోతుంది. శ్వాస ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి ఫోన్ చెయ్యాలి. దామిని అనే ప్రభుత్వ యాప్ చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. సెలవులకు పోయినప్పుడు మేము ముగ్గురం మా ఇళ్లలో ఉన్న ఫోన్లలో దాన్ని వేసి వచ్చాం. చిన్నాయన మొదట నమ్మలేదు. గొర్రెలను గుర్తుచేస్తే ఫోను చేతికిచ్చాడు.

వంట అక్క ఇప్పటికీ ఉరుముకు అర్జునుడి పేర్లు చదువుతుంది. అయితే చదువుతూనే పోయి మిక్సీ ప్లగ్గు పీకుతుంది.

కొత్త స్టార్టర్ వచ్చినప్పుడు మెయిన్ బోర్డుకు సర్జ్ ప్రొటెక్టర్ కూడా బిగించారు. హాస్టల్ వెనుక ఎర్తు గుంతను తవ్వి, తుప్పు పట్టిన పైపు మార్చి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చారు. ఎండలు ముదిరాక ఆదివారం ఆదివారం ఆ గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోసే డ్యూటీ ఎనిమిదో తరగతి వాళ్లకు పడింది. గోడ మీద చార్టు రాసి పెట్టాం. పోసిన వాళ్లు తేదీ వేసి సంతకం పెట్టాలి.